తెల్లరాతి కొలనులో నూరు జెల్లలు

శుక్తిపురం కోటలో ఏడో ప్రాకారం దాటి లోపలికి వెళితే క్షీరవాపి అనే కొలను కనిపిస్తుంది. పేరుకు తగ్గట్టే ఉంటుంది దాని రూపం. అడుగు తెల్లరాయి, గోడలు తెల్లరాయి, నాలుగు వైపులా దిగే మెట్లు తెల్లరాయి. మెట్ల అంచుల్లో ఎర్రెర్రని పగడాలు పొదిగారు. మూలకొక రాతి సింహం నోరు తెరుచుకుని రాత్రింబవళ్లు నీళ్లు వదులుతూ ఉంటుంది. ఎక్కువైన నీరు పడమటి మెట్ల పక్కనున్న తూములో పడి, ఏటి వైపు కోటకు ఒక్కటే ఉన్న గోడ కిందుగా పోయి, బయట కాటుకేటిలో కలుస్తుంది. ఆ ఏటి అడుగంతా నల్లబంక మట్టి, అందుకే దానికా పేరు. గోడకు ఇవతల పాలలా ఉన్న నీరే గోడ దాటగానే కాటుకలా కనిపిస్తుంది. రెండూ ఒకే నీళ్లంటే చూడనివాళ్లు నమ్మరు.

ఇంత అందమైన చోట నిలబడితే ఎవరికైనా ప్రాణం హాయిగా ఉండాలి. కానీ అక్కడికి వచ్చినవాళ్ల చూపు ముందుగా తూర్పు గోడ మీదికే పోయేది. ఆ గోడలో ఇరవై ఒక్క గూళ్లున్నాయి. ఇరవై గూళ్లలో ఇరవై కిరీటాలు మెరుస్తున్నాయి. వాటి కింద ఉండవలసిన తలలు ఏమైపోయాయో దేశదేశాల్లో అందరికీ తెలుసు. ఇరవై ఒకటో గూడు ఖాళీగా ఉంది. అతిథి వస్తున్నాడని బూజు కూడా దులిపి ఉంచారు.

గోడ పైన తొమ్మిది నీటికాకులు వరసగా కూర్చుని రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. అవి మాంత్రికుడు ఉలూకదత్తుడి పెంపుడు పక్షులు. యజమాని చిటిక వేస్తే చాలు, ఎంత లోతు నీళ్లలోకైనా దూకి చేపను ముక్కున కరుచుకుని వస్తాయి.

పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకా కొంత వ్యవధి ఉందనగా శంఖద్వీపపు యువరాజు రత్నాంగదుడు ఆ ఆవరణలో అడుగుపెట్టాడు. తల మీద కూచిగా లేచిన బంగారు మలాము కిరీటం, నడుముకు పట్టుదట్టీ, చెవులకు ముత్యాల పోగులు. పక్కన గడ్డం మీసం నున్నగా గీయించుకున్న ముసలి మంత్రి. వెనక నలభై మంది సేవకులు, ఒక్కొక్కరి తల మీద గుడ్డ కప్పిన గంప. అంతా బాగానే ఉంది గానీ, ఆ శంఖద్వీపం ఏ సముద్రంలోనూ లేదు. ఆ యువరాజు యువరాజూ కాదు, అసలు మగవాడే కాదు.

ఆమె పేరు నూకాలు. కాటుకేరు సముద్రంలో కలిసే చోట ఉప్పలరేవు అనే జాలరిపల్లె ఉంది, ఆమెది ఆ ఊరు. మూడేళ్ల కిందట ఒక తెల్లవారుజామున ఆమె వలలో ఒక మనిషి పడ్డాడు. ఒళ్లంతా గాయాలు. తండ్రి చనిపోగానే రాజ్యం కాజేసిన మాంత్రికుడి కత్తులు తప్పించుకుని, ఇదే కొలను తూములోంచి దూరి, ఏటి వెంట కొట్టుకొచ్చిన శుక్తిపురం యువరాజు కువలయసేనుడు. ఉప్పలరేవులో అంత పెద్ద పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. సేనయ్య అన్నారు. సేనయ్యకు వల ముడి వేయడం ఎంతకీ రాలేదు, జెల్ల చేప ముల్లు మాత్రం రోజూ గుచ్చుకునేది. నూకాలు నవ్వుతూనే ఆ ముళ్లు తీసింది, నవ్వుతూనే మనసిచ్చింది, ఊరి పెద్దల ముందు పెళ్లాడింది. నిరుడు ఆయన తన రాజ్యం తాను తెచ్చుకుంటానని కోటకు వెళ్లాడు. మరి తిరిగి రాలేదు.

ఉలూకదత్తుడు ఆయన్ని చంపలేదు. అంతకంటే తనకు పనికొచ్చే పని చేశాడు. జానెడు జెల్లగా మార్చి క్షీరవాపిలో వదిలాడు. అవే చేపలు మరి తొంభై తొమ్మిది తెప్పించి ఆయనతో కలిపాడు. ఏ రాజకుమారుడైనా వచ్చి రెండు గడియల్లో నూరింటిలో కువలయసేనుణ్ణి గుర్తిస్తే ఆయన్ని ఆ రాజకుమారుడికి అప్పగించి అర్ధరాజ్యం ఇస్తాననీ, గుర్తించలేకపోతే తల తీసుకుంటాననీ చాటింపు వేయించాడు. ఛాయాదేవి హోమానికి అతడికి ఇరవై ఒక్క రాజకుమారుల తలలు కావాలి. ఇరవై అందాయి. ఇరవై ఒకటోది అందిన రోజునే ఆ జెల్లను కూడా పూర్ణాహుతిగా హోమంలో వేస్తాడు. అంటే ఈ పూట నూకాలు తప్పు చేస్తే పోయేది ఒక ప్రాణం కాదు, రెండు.

ఈ సంగతులన్నీ ఆమెకు చెప్పి, వేషం కట్టించి, రాచమాట నేర్పినవాడు పక్కనున్న ముసలి మంత్రి భద్రపాలుడు. కువలయసేనుడి తండ్రి దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసినవాడు, మాంత్రికుడు ఆనవాలు పట్టకుండా గడ్డం మీసం తీయించేశాడు. కిరీటం వదులై జారిపోతుంటే వల తాడు ముక్కతో గడ్డం కింద గట్టిగా బిగించి, మాట తక్కువ మాట్లాడమనీ, తల ఎత్తి నడవమనీ, చేతులు ఊరికే కదపవద్దనీ దారంతా చెబుతూనే వచ్చాడు.

ఉలూకదత్తుడు పడమటి మెట్ల మీద తెల్లగొడుగు కింద కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గుండ్రటి కళ్లు, అవి రెప్ప వేయడం ఎవరూ చూడలేదు. యువరాజును మర్యాదగా పలకరించాడు. ప్రయాణం సుఖంగా జరిగిందా అని అడిగాడు. నీటిలో దిగకూడదు, నీటిని తాకకూడదు, చూపించే అవకాశం ఒక్కసారే, మొదలుపెట్టే ముందు ఒక్క కోరిక మాత్రం కోరుకోవచ్చు అని నియమాలు చెప్పాడు. అంతకుముందు వచ్చినవాళ్లు కోరినవి కూడా చెప్పి నవ్వాడు. ఒకడు మంత్రజలం అడిగాడట, ఒకడు అద్దం అడిగాడట, ఒకడు తల్లికి ఉత్తరం రాసుకోవడానికి తాటాకు అడిగాడట.

సేవకుడు అడుగున సన్నని చిల్లి ఉన్న రాగి గిన్నెను గంగాళంలో వదిలాడు. గిన్నె నీళ్లు నిండి మునిగితే ఒక గడియ. రెండోసారి మునిగితే ఆట ముగిసినట్టు.

నూకాలు మెట్టు అంచున నిలబడింది. నీళ్లు కనిపించగానే వంగి చేయి తడిపి కళ్లకద్దుకోవడం జాలరులకు ఊపిరి పీల్చినంత అలవాటు. ఆమె చేయి కూడా అలాగే కిందికి పోయింది. నీటికి నాలుగు వేళ్ల ఎత్తులో భద్రపాలుడి పొడిదగ్గు వినబడింది. చేయి ఆగిపోయింది. ఆమె దట్టీ సర్దుకున్నట్టు నటించి నిటారుగా నిలబడింది.

కొలనులో నూరు జెల్లలు తిరుగుతున్నాయి. నూరింటికీ ఒకటే పొడవు, ఒకటే మీసాలు, ఒకటే తోక. తొంభై తొమ్మిది తెల్లగా, బూడిద పూసినట్టు పాలిపోయి ఉన్నాయి. ఒక్కటి మాత్రం నల్లగా ఉంది. బొగ్గులాంటి ఆ ఒక్క చేప తెల్లరాతి మీద ఎటు తిరిగినా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఇదిగో నేనే అని పిలుస్తున్నట్టే ఉంది.

నూకాలు గుండె ఒక్కసారి ఎగిరింది. మరుక్షణం ఆమె తనను తానే తిట్టుకుంది. ఆ చేప సింహం నోటి ధారకు ఎదురు వెళ్లి గోడకు తగిలి, తడుముకుంటూ వెనక్కి తిరిగింది. చూపున్న చేప గోడకు తగలదు. దాని రెండు కళ్ల మీదా తెల్లటి మచ్చలున్నాయి. కాల్చిన సూదితో పొడిచిన మచ్చలు.

నూకాలు తల్లి జెల్లలు అమ్మేది. పట్టిన జెల్లల్ని సంతకు తీసుకుపోయే ముందు మసి పట్టిన కుండలో కాసేపు ఉంచేది. నల్లకుండలో జెల్ల నిగనిగ నల్లబడుతుంది, కొనేవాళ్లకు అప్పుడే పట్టినట్టు కనబడుతుంది. అదే చేపను సున్నం పూసిన తొట్టిలో వేస్తే కాసేపట్లో పాలిపోయి జబ్బుచేప అనిపిస్తుంది. చేప తన కింద ఏ నేల ఉందో చూస్తుంది, ఆ నేల రంగు ఒంటికి తెచ్చుకుంటుంది, కొంగ కంట పడకుండా బతుకుతుంది. ఆ చూడటం కళ్లతోనే. అందుకే గుడ్డి జెల్లను సున్నం తొట్టిలో వేసినా, పాలలో వేసినా నల్లగానే ఉంటుంది. ఉప్పలరేవులో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. రాజకుమారులకు ఎవరు చెబుతారు? పాపం, వాళ్లకు చేపలు ఎప్పుడూ వండిన తరవాతే కనిపించాయి. ఇరవై మందిలో పన్నెండు మంది ఆ గుడ్డిచేపను చూపించి తలలు పోగొట్టుకున్నారు.

ఉలూకదత్తుడికి మాత్రం ఇదంతా బాగా తెలుసు. మంత్రం వేసినప్పుడు కువలయసేనుడు ఈ తెల్లరాతి మీద పడి తెల్ల జెల్ల అయ్యాడు. కాటుకేటి నల్ల జెల్లల్ని తెచ్చి ఈ తెల్లరాతి మీద తిప్పితే అవీ తెల్లబడి ఆయనలో కలిసిపోయాయి. కొలను కట్టడం అందం కోసం కాదన్నమాట. ఆమె ఇక్కడిదాకా ఆలోచించింది. మంత్రం చేప రూపం ఇచ్చింది, మీసాలిచ్చింది, మొప్పలిచ్చింది. నేలను చూసి ఒంటి రంగు మార్చుకునే గుణం కూడా ఇచ్చిందా? ఇచ్చి ఉండదని ఆమె నమ్మింది. ఆ నమ్మకం మీదే నలభై గంపలు మోయించుకుని వచ్చింది. తప్పయితే తూర్పు గోడలో ఖాళీ గూడు ఉండనే ఉంది.

ఆమె కోరిక చెప్పింది. తమ ద్వీపంలో ఏ పని మొదలుపెట్టినా పుట్టిన నేల ఇసుకను నీటికి సమర్పించడం ఆచారమనీ, అది అనుమతించమనీ, అంతకు మించి ఏమీ అక్కరలేదనీ నేర్చుకున్న మాటలు నేర్చుకున్నట్టు పలికింది. ఇరవై రకాల వెర్రి కోరికలు విన్న ఉలూకదత్తుడు ఇరవై ఒకటోదానికి కూడా అలాగే తల ఊపాడు. తల ఊపాక గంపల మీద గుడ్డలు తీశారు. లోపలున్నది ఉప్పలరేవు ఒడ్డున దొరికే నల్ల ఇసుక. ఇనుములా బరువు, నీళ్లలో వేస్తే రవ్వంత కూడా కలక లేకుండా తిన్నగా అడుక్కు పోతుంది.

గంప తరవాత గంప ఒంపారు. ముప్పై గంపలకు కొలనులో తూర్పు సగం నల్లబడింది. మిగిలిన పది గంపలు పడమటి సగానికి చాలవని భద్రపాలుడు కళ్లతోనే చెప్పి వాటిని అలాగే ఉంచమన్నాడు. కానీ ఆ చప్పుడుకు బెదిరి జెల్లలన్నీ పడమటి మూలకు పోయి, తెల్లరాతి మీద ఒకదాని మీద ఒకటి ముసురుకున్నాయి. ఒక్కటీ నల్లనేల వైపు రాలేదు.

మొదటిసారి గిన్నె మునిగింది. సేవకుడు గంట కొట్టి, గిన్నె తీసి, మళ్లీ వదిలాడు.

నూకాలు కదలలేదు. వల విసిరాక తొందరపడేవాళ్లకు చేప దొరకదని ఆమెకు ఒకరు చెప్పవలసిన పని లేదు. బెదిరిన చేప ఎప్పుడూ చీకటి నేలనే వెతుక్కుంటుంది. కాసేపటికి ఒక జెల్ల అంచుదాకా వచ్చింది. వెనక్కి పోయింది. మళ్లీ వచ్చి నల్ల ఇసుక మీదికి జారింది. దాని వెనక మూడు, వాటి వెనక పది. తెల్లరాయి ఖాళీ అవుతూ వచ్చింది. నల్లనేల మీద తెల్లచేపలు ఒక్క నిమిషం పరిచిన పేలాల్లా కనబడ్డాయి. అప్పుడు మొదలైంది మార్పు. ముందు వీపుల మీద బూడిదరంగు నీడ పాకింది. నీడ ముదిరింది. తోకలు నల్లబడ్డాయి, మీసాలు నల్లబడ్డాయి. చూస్తూ ఉండగానే ఒక్కొక్క చేప ఇసుకలో కరిగిపోతోంది.

ఉలూకదత్తుడు లేచి నిలబడ్డాడు. ఆ గుండ్రటి కళ్లు కొలను మీద నుంచి యువరాజు మీదికి వచ్చి అక్కడే ఆగాయి. ఆచారమని తాను నవ్వుకున్నది ఏమిటో అతడికి అర్థమైంది. నియమం తప్పకుండానే చెడగొట్టాలి. చేపలకు మేత వేయడం ఏ నియమానికీ విరుద్ధం కాదు. అతడు సైగ చేస్తే సేవకులు పడమటి మెట్ల మీద నుంచి బుట్టెడు పేలాలు నీళ్లలో చల్లారు.

చేపలన్నీ ఒక్కసారిగా మేత మీదికి దూకాయి. సగం నల్లబడ్డవి, పూర్తిగా నల్లబడ్డవి, గుడ్డిది, అన్నీ కలిసి తెల్లరాతి మీద నల్లని ముద్దలా కొట్టుకుంటున్నాయి. అందులో ఒక తెల్లచేప ఉన్నా తెల్లరాతి మీద ఎలా కనబడుతుంది? నూకాలు కళ్లు నొప్పిపుట్టేలా వెతికింది. నీళ్లు చిమ్ముతున్నాయి, పేలాలు తేలుతున్నాయి, ఏమీ తెలియడం లేదు. ఇటు ఉలూకదత్తుడు గంగాళం పక్కన నిలబడి వేలి ఉంగరం నెమ్మదిగా తీశాడు. అది జారినట్టుగా గిన్నెలో పడింది. గిన్నె ఒక్కసారి ఒరిగి గబగబా నిండసాగింది.

భద్రపాలుడు చేతికర్రను రెండు చేతులా పట్టుకుని గిన్నె వైపు చూశాడు.

నూకాలు చూపు ఎందుకో ముద్దను వదిలి తూర్పుకు పోయింది. ఖాళీ అయిన నల్ల ఇసుక నడిమధ్యలో ఒక్క జెల్ల కదలకుండా నిలిచి ఉంది. మేతకు వెళ్లలేదు. నల్లబడలేదు. మల్లెమొగ్గ అంత తెల్లగా, ఆమె నిలబడిన మెట్టు వైపే మూతి పెట్టుకుని, తనని చూడమన్నట్టు ఆగి ఉంది. ఇసుక ఎక్కడిదో ఆయన గుర్తుపట్టాడు. తెచ్చింది ఎవరో కూడా గుర్తుపట్టాడు. నూకాలుకు కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. ఏడాది నుంచి ఆపుకున్న ఏడుపు అది.

గిన్నె అంచు నీటికి సమమైంది. ఆమె చేయి చాచి చేపను చూపించింది.

గిన్నె మునిగింది, గంట మోగింది. కొలను చుట్టూ నిలబడిన భటుల్లో కూడా ఒక మూలుగు లాంటి నిట్టూర్పు లేచింది, ఎందుకంటే ఆ చేప ఏదో ఇప్పుడు అందరికీ తెలుస్తూనే ఉంది. ఉలూకదత్తుడు మాత్రం చేపను చూడటం లేదు. ఆమె చేతిని చూస్తున్నాడు.

ఆ చేయి పిడికిలి బిగించి ఉంది. బొటనవేలు కూడా లోపలికి ముడిచి ఉంది. చేపకు వేలు చూపిస్తే గంగమ్మకు కోపమొచ్చి ఆ చేపను తనలోకి లాక్కుంటుందని ఉప్పలరేవులో ఎవరూ చేపను వేలితో చూపరు, పిడికిలితో చూపుతారు. రాచమాట నేర్పాడు, రాచనడక నేర్పాడు, ఈ ఒక్క సంగతి భద్రపాలుడికీ తెలియదు. పుట్టినప్పటి నుంచీ చేసే పని తప్పని ఆమెకూ తోచలేదు.

“రాజకుమారులు వేలితో చూపిస్తారు,” అన్నాడు ఉలూకదత్తుడు మెల్లగా. “ఇరవై మందీ వేలితోనే చూపించారు. పిడికిలితో చూపించేది రేవులో వల లాగేవాళ్లు. నువ్వు ఎవరి కూతురివి?”

అబద్ధం ఆడటానికి ఇక ఏమీ మిగలలేదు. నూకాలు గొంతులోంచి దారంతా దాచుకున్న సొంత మాట బయటికి వచ్చింది.

“నాను ఎవుల కూతుర్నో నీకేటికి? ఆ నీళ్లల్లో ఉన్నోడు నా పెనిమిటి. సూపించమన్నావు, సూపించినాను. ఇచ్చీ.”

పందెం రాజకుమారులకు గానీ చేపలమ్మే ఆడదానికి కాదనీ, వేషం వేసి వచ్చిన నేరానికి ఆమెను అక్కడే నరికి, జెల్లను పట్టుకోమనీ అతడు ఆజ్ఞ ఇచ్చాడు. ఆమె తల హోమానికి పనికిరాదని మాత్రం అతడికి నిజంగానే బాధగా ఉంది. ఆ బాధ మొహంలో కనబడింది.

భటులు కత్తులు దూశారు. ఆమె అప్పటికే నీళ్లలో ఉంది. నడుంలోతు నీళ్లు, కాళ్ల కింద ఊరి ఇసుక. తెల్లజెల్ల తనంతట తానే ఆమె చేతుల్లోకి వచ్చింది. జెల్లను పట్టుకోగానే వీపు మీది ముల్లు, పక్క ముళ్లు నిక్కబొడుచుకుంటాయి. అరచేయి చీరుకుపోతుంది. ఈ చేప ముళ్లన్నీ ముడుచుకుని, ఆమె వేళ్ల మధ్య మెత్తగా ఒదిగింది. రెండేళ్లు రోజూ ముల్లు గుచ్చించుకున్న మనిషికి తన చేతిలో ముల్లు ఎంత నొప్పో తెలియదా మరి.

ఒడ్డున పెద్ద గందరగోళం రేగింది. గంపలు మోసుకొచ్చిన సేవకులు సేవకులు కారు, ఉప్పలరేవు జాలరులు. మిగిలిన పది గంపల ఇసుక భటుల కళ్లల్లో పడింది. తలపాగాలు విప్పితే లోపల నుంచి వలలు బయటపడ్డాయి. మొదటి వరస భటులు కత్తులతో సహా వలల్లో చిక్కి మెట్ల మీద దొర్లారు. భద్రపాలుడు చేతికర్రతో ఒకడి మోకాలు విరగ్గొట్టి, గోడ మెట్లు ఎక్కమని నూకాలుకు అరిచి చెప్పాడు. ఆయన వయసువాడు అంత గట్టిగా అరుస్తాడని ఎవరూ అనుకోరు.

కానీ చేపతో గోడ ఎలా ఎక్కడం? నీళ్లు లేకుండా ఎంతసేపు బతుకుతాడు? ఆమె తూము దగ్గరికి ఈదింది. మూడేళ్ల కిందట మనిషి దూరి పారిపోయిన తూముకు ఇప్పుడు ఇనుప కమ్మీలున్నాయి. కమ్మీల మధ్య చేప పడుతుంది, మనిషి పట్టదు. పొద్దున్న పట్టిన తొలి చేపను గంగమ్మకు వదలడం ఉప్పలరేవు కట్టుబాటు. వదిలిన చేపను ఏ వలా మళ్లీ ముట్టకూడదు. నూకాలు జెల్లను కళ్లకద్దుకుంది.

“తొలిసేప నీదేనమ్మా గంగమ్మా. సూసుకో,” అంది. కమ్మీల మధ్య వదిలేసింది.

తెల్లటి తోక ఒకసారి తళుక్కుమని తూము చీకట్లోకి పోయింది. ఆమె మెట్లెక్కి, అడ్డొచ్చిన భటుణ్ణి భుజంతో తోసి, గోడ మెట్లకేసి పరిగెత్తింది. వెనక బాణం ఒకటి కిరీటానికి తగిలి ఠంగుమంది. వల తాడు ముడి గనక కిరీటం ఊడలేదు. గోడ పైకెక్కేసరికి చిటిక వినబడింది. చిన్న చిటిక. తొమ్మిది నీటికాకులూ ఒక్కసారి లేచాయి.

గోడ మీద నుంచి కిందికి చూసిన నూకాలుకు అప్పుడు తెలిసింది తాను చేసిన పని. కింద కాటుకేరు. నల్లటి అడుగు, నల్లటి చేపలు, ఒక్కటీ కంటికి ఆనదు. తూము నోటి నుంచి బయటపడిన ఆ ఒక్క తెల్లచేప మాత్రం కోటగోడంత ఎత్తు నుంచి కూడా స్పష్టంగా కనబడుతోంది. ఏ గుర్తుతో తాను ఆయన్ని పట్టుకుందో అదే గుర్తుతో పక్షులూ పట్టుకుంటాయి. రంగు మార్చుకోలేని చేపను ఆమె కొంగల దేశంలో వదిలింది.

ఆమె దూకింది. ఏటి నీరు చెంపలు పగిలేలా తగిలింది. పైకి తేలేసరికి మొదటి నీటికాకి రెక్కలు మూసి దిగుతోంది. తెల్లచుక్కకు బారెడు దూరంలో ముక్కు నీళ్లు చీల్చింది, తప్పింది. రెండోది చుట్టు తిరుగుతోంది. ఈది అందుకునే వ్యవధి లేదు.

నూకాలు అడుక్కు మునిగి రెండు కాళ్లతోనూ బంకమట్టిని తొక్కింది. చేతులతో ఎగదోసింది. ఎద్దు గుంటలో పొర్లినట్టు పొర్లింది. ఏటి అడుగు లేచి నీళ్లన్నీ నల్లటి జావ అయ్యాయి. ఆ జావ పాకి తెల్లచుక్కను మింగేసింది. పక్షులు పైన వెర్రిగా తిరిగాయి, రెండు మూడు దూకి మట్టి మూతులతో పైకి లేచాయి. ఇక వాటికి ఏమీ కనబడదు.

ఆమెకూ కనబడదు.

కోట రేవులో ఎక్కడో పడవల గొలుసులు విప్పుతున్న చప్పుడైంది. నూకాలు ఊపిరి బిగించి మట్టినీళ్లలో చేతులు చాచింది. మెత్తగా ఏదో తగిలింది, పట్టుకుంది. ముల్లు అరచేతిలో కసుక్కున దిగింది. వదిలేసింది. మరొకటి దొరికింది, అదీ గుచ్చింది. బురదకు బెదిరి జెల్లలు గుంపులుగా కదులుతున్నాయి, పట్టుకున్న ప్రతిదీ ముల్లు ఎత్తుతోంది. చేతులు రక్తమయ్యాయి. తెడ్ల చప్పుడు దగ్గరైంది. ఆమె పట్టుకోవడం, గుచ్చించుకోవడం, వదలడం మానలేదు. జాలరులు చేపల్ని లెక్కపెట్టరు గనక అది ఎన్నో చేపో ఆమెకూ తెలియదు, మనకూ తెలియదు. దాని మీద చేయి వేసి, ముల్లు కోసం కళ్లు గట్టిగా మూసుకుంది.

ముల్లు లేవలేదు.

వేళ్ల మధ్య మెత్తగా ఒదిగి, మీసాలతో ఆమె గాయాల్ని తడుముతోంది. నూకాలు గడ్డం కింద వల తాడు తెంపి కిరీటం తీసింది, తిరగేసి నీళ్లు నింపింది, జెల్లను అందులోకి జార్చింది. శుక్తిపురం యువరాజుకు కిరీటం దక్కడం ఈ విధంగా జరిగింది. దట్టీ చింపి పైన కప్పి మూతికి బిగించింది. రెల్లు పొదల కిందికి జారుకునేసరికి మొదటి పడవ నీడ ఆమె వదిలిన చోట నీళ్ల మీద పడింది. పడవ ముందు భాగాన తెల్లగొడుగు కింద ఉలూకదత్తుడు రెప్ప వేయకుండా ఏటిని చూస్తున్నాడు.

నూకాలు ముక్కుదాకా నీళ్లలో మునిగి, కిరీటం గుండెకు హత్తుకుని, గుడ్డ అంచుకు పెదవులు ఆనించింది.

“ఉప్పలరేవు ఇంకా శానా దూరం సేనయ్యా,” అంది గుసగుసగా. “ముళ్లు ముడుసుకునే ఉండు.”